ముళ్ళకు లోటు లేదు

వాగు ఇవతల ఒక పొలంగట్టు ఎలుకలది. ఒకనాడు పక్కగట్టు పందికొక్కులు వాటి కలుగుల మీద పడ్డాయి. ఎలుకల పెద్ద చుంచయ్య వాగు దాటి వెళ్ళి ముళ్ళపంది మామ కాళ్ళు పట్టుకున్నాడు.

"నేనున్నాగా అల్లుడూ!" అంటూ మామ ఒళ్ళు దులిపి, రాలిన ముళ్ళు కట్టగట్టి ఇచ్చాడు. "కానీ మీ గట్టు మీదే పొడవండి. వాళ్ళ గట్టెక్కారో, ఆ కోపం నా మీదికొస్తుంది."

ఎలుకలు కలుగు కలుగు ముందూ ముల్లు పట్టుకుని నిలబడ్డాయి. పందికొక్కులు రోజూ వచ్చాయి. ముళ్ళ కట్టలూ రోజూ వచ్చాయి.

కోతల నాటికి చుంచయ్య మళ్ళీ వాగు దాటాడు.

"శభాష్ అల్లుడూ! మీ పౌరుషం అడవంతా చెప్పుకుంటోంది. ఇంకెన్ని ముళ్ళు కావాలి?"

"ముళ్ళు గుట్టలుగా ఉన్నాయి మామా. పట్టుకునేవాళ్ళే లేరు. ఈ ఒక్కసారికి నువ్వే రా."

మామ మళ్ళీ ఒళ్ళు దులిపి, ఇంకో కట్ట కట్టాడు.