బొగ్గు బండికి వరిగడ్డి

“ఈ బొగ్గు పెళ్ల ఏ వ్యాగన్ నుంచి పడిందో చెప్పగలవా అమ్మా?”

బొగ్గు ఏరుతున్న లేయా తలెత్తి చూసింది.

నలభై ఏళ్ల మనిషి. ఖాకీ చొక్కా, చేతిలో నోటుపుస్తకం, చెవి మీద పెన్సిలు.

పట్టాల పక్కన బొగ్గు ఏరేవాళ్లను తిట్టేవాళ్లున్నారు, తరిమేవాళ్లున్నారు. అమ్మా అని పిలిచి ఒక సంగతి అడిగినవాడు మాత్రం ఇతనే మొదలు.

“ముందు నుంచి తొమ్మిదోదండి. ఎడం పక్క తలుపు సరిగ్గా పడలేదు,” అంది.

అతను ఆగి ఉన్న గూడ్సు వెంబడి గబగబా నడిచి వెళ్లి చూసి వచ్చాడు. తొమ్మిదోదే.

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు అది. నూజివీడు స్టేషను పేరుకే నూజివీడుది. ఊరికీ దానికీ మధ్య ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం. ఎంత దూరమైతేనేం, వేసవిలో రెడ్డిగూడెం, విస్సన్నపేట తోటల మామిడికాయలన్నీ రైలెక్కడానికి అక్కడికే వచ్చేవి. ఆ మూడు నెలలూ లేయా షెడ్డులో గంపలు కట్టేది.

మిగతా తొమ్మిది నెలలూ ఆమెకూ, మంచాన పడ్డ అత్తకూ అన్నం పెట్టేది బొగ్గే.

బెజవాడ వైపు నుంచి వచ్చే బొగ్గు గూడ్సు ఎదురుబండి కోసం స్టేషన్లో ఆగేది. ఆగేటప్పుడొక కుదుపు, కదిలేటప్పుడొక కుదుపు. ఆ రెండు కుదుపులకూ రాలినంత బొగ్గు ఏరి హోటళ్లకు అమ్ముకునేది.

ఖాకీ చొక్కా మనిషి వరసగా ఆరు రోజులు వచ్చాడు.

పక్కింటి నాగేంద్రమ్మ హెచ్చరించింది. అతను రైల్వే ఆఫీసరని, ఎప్పుడో ఒకప్పుడు కేసు రాస్తాడని, నోరు మూసుకుని ఉండమని చెప్పింది.

నోరు మూసుకోవడం లేయాకు చేతనైన పని కాదు. అడిగే మనిషి దొరికితే అసలే ఆగదు. ఏ బండి ఎక్కువ రాలుస్తుందో, ఏ రకం తలుపు వదులవుతుందో, ఎండిన బొగ్గు పొడి ఎంత దూరం లేస్తుందో పూసగుచ్చినట్టు చెప్పింది. అతను రాసుకుంటూనే ఉండేవాడు. పాపం, అతను సగం రాసేలోపు బండి వెళ్లిపోయేది.

ఆరో రోజుకు మామిడి పని మొదలైంది. షెడ్డులో ఆమె రసాలు గంపకెత్తుతుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

“ఆ వ్యాగన్ కూడా నీ గంపే అనుకో. ఏం చేస్తావు?”

లేయాకు నవ్వొచ్చింది. అంత పెద్ద ఆఫీసరుకు ఇంత చిన్న సంగతి తెలియదా అనుకుంది.

“అంచు దాటి పోయనండి. కుప్పలా పోస్తే దారిలోనే సగం పోద్ది. అంచుకి జానెడు తక్కువ పోసి చదును చేస్తాను. సందుల్లో వరిగడ్డి కూరతాను. గడ్డి పేని కూరాలండి, ఊరికే పెడితే నిలవదు.”

ఎలా పేనాలో చేసి చూపించింది. అతనూ పేనాడు. రెండుసార్లు ఊడిపోయింది, మూడోసారికి కుదిరింది. గంపలు కట్టే పనికి పనికొస్తారని ఆటపట్టించి, రెండు పండ్లు చేతిలో పెట్టింది. అక్కడే కూర్చుని, మోచేతుల దాకా రసం కారుతుంటే హాయిగా తిన్నాడు.

మర్నాటి నుంచి కనబడలేదు.

ఆషాఢం వచ్చింది. కాయ అయిపోయింది. లేయా బుట్ట పట్టుకుని పట్టాల దగ్గరకు వెళ్లింది.

గూడ్సు వచ్చింది. కుదుపుతో ఆగింది. కుదుపుతో కదిలింది.

ఒక్క పెళ్ల కూడా రాలలేదు.

స్టేషను వంతెన మెట్లెక్కి, వెళ్తున్న బండిలోకి చూసింది. ప్రతి వ్యాగన్లోనూ బొగ్గు అంచుకు జానెడు కిందకు, చదునుగా ఉంది. తలుపు సందుల్లో పేనిన వరిగడ్డి.

లేయా అక్కడే చతికిలబడింది. తన నోటితో తనే తన కూడు పోగొట్టుకుంది. చెప్పానా లేదా అని నాగేంద్రమ్మ అననే అంది.

ఆ వానాకాలమంతా ఊడ్పులకూ కలుపులకూ వెళ్లింది. పని లేని రోజు ఇద్దరికీ గంజే. అత్తకు మందు మానిపించాల్సి వచ్చింది. ఆ మనిషిని తిట్టకుండా ఒక్క పూటా గడవలేదు. తన చేతి పండు తిని తన కడుపే కొట్టాడని కనబడిన వాళ్లందరికీ చెప్పింది.

దసరా వెళ్లాక స్టేషన్ మాస్టరు వీరరాఘవయ్యగారు కబురు పెట్టారు. కేసే అనుకుంటూ వెళ్లింది.

కేసు కాదు, ఉద్యోగం. ఆగిన ప్రతి బొగ్గు బండినీ చూడాలి. ఊడిన గడ్డి మళ్లీ కూరాలి. తలుపు వదులైతే గార్డుకు చెప్పాలి. నెలనెలా జీతం. రైల్వే ముద్ర ఉన్న కాగితం మీద ఆమె పేరుంది.

లేయా వేలిముద్ర వేసింది. ఇక అత్తకు మందు ఆగదు. ఇన్నాళ్ల బరువు దిగిపోయి, చాలా రోజుల తర్వాత మనసారా నవ్వింది.

అంతలో తను తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి.

“ఇది ఆ ఆఫీసరుగారి దయేనాండి? నేను ఆయన్ని అనరాని మాటలన్నాను. ఎక్కడుంటారో చెప్తే వెళ్లి కాళ్ల మీద పడతాను.”

“ఎక్కడున్నాడో మాకూ తెలీదమ్మా. పని వెతుక్కుంటూ ఏలూరు వైపు వెళ్లాడని విన్నాను.”

లేయాకు అర్థం కాలేదు. ఆఫీసరుకు పని వెతుక్కునే ఖర్మేమిటని అడిగింది.

వీరరాఘవయ్యగారు కళ్లజోడు తీశారు.

“ఆయన ఆఫీసరు కాదు లేయా, బొగ్గు వ్యాగన్లు చూసే టెంపరరీ మనిషి. ‘బొగ్గు ఎక్కడ రాలుతుందో తెలుసుకోడానికి నాకు ఆరు రోజులు పట్టింది, ఆవిడకి ఒక్క చూపులో తెలుస్తుంది’ అని పై ఆఫీసుకు రాశాడు. ఈ లైనుకి ఉన్నది ఆ ఒక్క ఉద్యోగమే, అదీ తనకే రావాల్సింది. అయినా తన పేరు కొట్టేసి నీ పేరు రాశాడు.”