మనవరాలి బొంత

“బ్రేకు! బ్రేకు వెయ్యండి!” అని అరిచింది భార్య.

ముప్పయ్యేళ్లు బస్సు నడిపి రిటైరైన ఆయన, కుట్టుమిషను మీంచి కాలు తీశాడు. కూతురికి పుట్టబోయే బిడ్డకోసమని నెలకిందట మొదలుపెట్టి, ఇంకా బొంత కుట్టడం నేర్చుకుంటూనే ఉన్నాడు. కుట్టిన ప్రతి వరుసా వంకరే. ఆవిడ విప్పడం, ఆయన మళ్లీ కుట్టడం. ఈలోగా మనవరాలు పుట్టనే పుట్టింది; ఇంకాసేపట్లో ఆస్పత్రి నుంచి ఇంటికొస్తోంది. ఆఖరి అంచు ఇప్పుడే పూర్తయింది.

“ఏమైందే?”

“లేచి చూడండి.”

లేచాడు. బొంత కూడా లేచింది. చొక్కా కొసను దాంతో కలిపి కుట్టేశాడు.

ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆయన మొహం మాడిపోయింది.

“ఇక నావల్ల కాదు. విప్పెయ్. కొట్లో కొందాం.”

ఆవిడ కత్తెర తీసుకుని వంగింది. నవ్వు ఆగిపోయింది. అంచు పొడుగునా వేలితో తడిమింది.

“ఎంతసేపట్లో కుట్టారు?”

“పది నిమిషాలు. ఏం, మళ్లీ వంకరా?”

“ఇంత తిన్నగా నేనూ కుట్టలేను. దీన్ని విప్పేది లేదు.”

“మరి చొక్కా?”

“అది విప్పండి.”

ఆయన విప్పగానే, ఆవిడ కుట్టు వెంబడే చొక్కాను కత్తిరించేసింది. అంతలో బెల్లు మోగింది. ఆయన బనీనుతోనే వెళ్లి తలుపు తీశాడు.

“నాన్నా, చొక్కా ఏది?” అంది పాపనెత్తుకున్న కూతురు.

“చొక్కాదేముందమ్మా,” అంటూ బొంత చాపాడాయన. “ముందు ఈ అంచు చూడు!”