అమ్మవారి కళ్లు

పటంలో అమ్మవారికి కళ్లు చివరన పెడతాం. అప్పటిదాకా అది ఒట్టి గుడ్డే. పటాలు గీసే మా నకాషీ ఇంట్లో ఆ పని మగవాళ్లదే. నా కళ్లకు పొరలు కమ్మాక కూడా ఆ పెద్దరికం నేను వదల్లేదు.

పటం కథలు చెప్పే ఓదెలు మెట్‌పల్లి నుంచి వచ్చి, కొత్త పటం విప్పి మురిసిపోయాడు.

“అమ్మ నన్నే చూస్తున్నట్టున్నది తాతా! గిసొంటి కండ్లు ఇంకెవలు పెడతరు?”

“తాతల నుంచి వచ్చిన చెయ్యి బిడ్డా,” అన్నాను, పటం వైపు గర్వంగా చేయి చాపి.

“గోడను సూపిస్తున్నవేంది? పటం గీ దిక్కున్నది!”

నాకే నవ్వొచ్చింది. లోపలున్న నా భార్యను పిలిచాను.

“రాజవ్వా, జర బయటికి రా. నువ్వు పెట్టిన కండ్లు చూసి గీయన మురుస్తుండు.”

ఆడమనిషి పెట్టిన కళ్లని ఓదెలు పటం వద్దంటాడేమోనని భయపడ్డాను.

“దండం తల్లీ!” అన్నాడు.

పటానికో, రాజవ్వకో, నాకు కనబడలేదు.