కత్తెరావిడ

ఆ ఇంటి కోడలి మొగుడికి రెండు డిగ్రీలున్నాయి. కొవ్వొత్తి వెలిగించడం మాత్రం చేతకాదు.

తండ్రి ఫోటో ముందు లావుపాటి కొవ్వొత్తి పెట్టాడు, సరిగ్గా ఫ్యాను కింద. వత్తి చూపుడువేలంత పొడుగు. అది ఒక పక్కకే కారి, మసి చిమ్మి, బతికుండగా ఏనాడూ మీసం పెంచని మామగారికి ఫోటో అద్దం మీద మీసం మొలిపించింది.

"చూశారా, మామయ్యగారికి మీసం తెప్పించారు," అంది భార్య.

"ఊ," అన్నాడు.

తండ్రి పోయినప్పటి నుంచి అతని నోట వచ్చేది ఆ ఒక్క అక్షరమే. ఏడవనైనా ఏడవలేదు. ఆస్పత్రిలో టీ తాగొస్తానని కిందికి దిగాడు. పైకొచ్చేసరికి అంతా అయిపోయింది. నాన్న ఒంటరిగా పోయాడన్న మాట అతని గొంతులో అడ్డం పడి ఉందని ఆమెకి తెలుసు. తీయడమే తెలీదు.

ఆ సాయంత్రం ఎవరో పెద్దావిడ వచ్చింది.

"పెద్దాయన తెలుసమ్మా," అంది, అంతే.

కూర్చోమన్నా కూర్చోలేదు. ఫ్యాను ఆపించింది. మంట ఆర్పి, సంచిలోంచి చిన్న కత్తెర తీసి, వత్తిని గోరంత మిగిల్చి కత్తిరించింది. మళ్ళీ వెలిగించింది.

"పైనంతా అంచుల దాకా కరగనివ్వాలమ్మా. మధ్యలో ఆపితే గొయ్యి పడుతుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు వెలిగించినా ఆ గోతిలోనే కాలుతుంది."

చివర్లో ఊదలేదు. వత్తిని పుల్లతో కరిగిన మైనంలో ముంచి, తిరిగి నిలబెట్టింది. చుక్క పొగ రాలేదు.

మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ.

ఆడపడుచు ఆవిడకి 'కత్తెరావిడ' అని పేరు పెట్టేసింది.

"వదినా, నాన్నకి ఈవిడెక్కడి చుట్టం?"

"కొవ్వొత్తుల తరఫునేమో."

"కాఫీ కోసం వస్తోందంటావా?"

"ఇచ్చినా తాగట్లేదు. మన కాఫీ సంగతి ఎవరో చెప్పుంటారు."

కత్తెరావిడ వత్తి సర్దుతూ మధ్యమధ్య అతని మొహంకేసి చూసేది. ఏదో అనబోయి, మానేసేది.

"కొవ్వొత్తి కొంచెం ఇటు జరపనా బాబూ? పెద్దాయనకి మసి గిట్టదు," అందోసారి.

అతను లేచి నిలబడ్డాడు.

"మా నాన్నకి ఏది గిట్టదో మీరా నాకు చెప్పేది? ఎవరండీ మీరు? మా ఇంట్లో మీ పెత్తనమేంటి? వెళ్ళండి."

"ఏవండీ!" అంది భార్య.

ఆవిడ కత్తెర సంచిలో వేసుకుంది.

"నిజమే బాబూ. నీ ఇల్లు, నీ నాన్న," అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

మళ్ళీ రాలేదు. కొవ్వొత్తి మళ్ళీ ఒక పక్కకి కారడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో కన్నీరు పెట్టేది అదొక్కటే.

కొన్నాళ్ళకి, మామగారి కళ్ళజోడు వార్డులోనే ఉండిపోయిందని ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. మొగుడూ పెళ్ళాం వెళ్ళారు.

వార్డులో కళ్ళజోడు ఇస్తూ నర్సు అడిగింది, "పక్క మంచం పేషెంటు వాళ్ళావిడ మీ ఇంటికొచ్చారా? అడ్రసు నేనే ఇచ్చాను."

"చేతిలో చిన్న కత్తెర ఉంటుంది, ఆవిడేనా?" అంది భార్య.

"ఆవిడే. వీళ్ళ నాన్నగారి మాటేదో ఈయనకి చెప్పాలన్నారు. మీ ఇంటి నుంచి వచ్చిన ప్రతిసారీ 'ఆ అబ్బాయి ఇంకా ఏడవలేదు, ఏడిచాక చెప్తాను' అనేవారు."

"ఏం మాట?"

"కొడుక్కే చెప్పాలన్నారు. నాకు చెప్పలేదండీ."

"ఇప్పుడెక్కడున్నారు?" అతనే అడిగాడు.

"వాళ్ళాయనా పోయారు. ఆవిడ ఊరొదిలి వెళ్ళిపోయారు. ఫోను కలవట్లేదు."

అతను కళ్ళజోడు మడిచాడు, విప్పాడు.

"నాన్న పోయేటప్పుడు పక్కన ఎవరూ లేరు కదా. ఆవిడకేం చెప్పుంటాడు?"

"ఎవరూ లేకపోవడమేంటండీ? ఆయాసం మొదలైన దగ్గర్నుంచీ చివరిదాకా ఆయన చెయ్యి ఆవిడ చేతిలోనే ఉంది."

పక్క మంచం ఖాళీగా ఉంది. దుప్పటి అప్పుడే మార్చినట్టున్నారు.

"తప్పు చేశాను," అన్నాడతను, ఆ మంచంకేసి చూస్తూ, "నా బదులు నాన్న దగ్గర కూర్చున్న మనిషిని, ఎవరు మీరని అడిగాను."