సానుభూతికి ఇరవై మార్కులు

"నాలుగో ఆయన ఇంకా సంతకం పెట్టలేదు డాక్టర్ గారూ," అంది గ్రెటా, జాబితా మీద వేలు పెట్టి. "పేరు వెండెల్ క్రొకెట్. వయసు యాభై తొమ్మిది. ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపాడట."

డాక్టర్ ప్రూయిట్ కాఫీ కప్పు దించి పకపకా నవ్వాడు.

"యాభై తొమ్మిదా! ఈయన చదువు పూర్తయ్యేసరికి ఈయన్ని చూసుకోడానికే నలుగురు డాక్టర్లు కావాలి. రాకపోతే పీడా పోయె. కొట్టెయ్."

గ్రెటా కొట్టేసింది.

బఫెలో నగరంలో ఆ ఉదయం మోకాలి లోతు మంచు పడింది. డిగ్రీలో చరిత్రో సంగీతమో చదివి, పదేళ్లు ఏదో ఉద్యోగం వెలగబెట్టాక డాక్టరవ్వాలని బుద్ధి పుట్టినవాళ్లకు ఆ కాలేజీలో ఒక కోర్సు ఉంది. జీవశాస్త్రం, రసాయనశాస్త్రం ఓనమాల నుంచి నేర్పి, మెడికల్ కాలేజీ గుమ్మం దాకా తీసుకెళ్లి దింపుతుంది. అందులో చేరే అర్హత ఎవరికుందో తేల్చేది ఈ ఇద్దరే. ప్రూయిట్ రోగి చెయ్యి పట్టుకుని ఇరవై ఏళ్లయింది. గ్రెటా అసలు డాక్టరే కాదు, దరఖాస్తులు చూసే ఉద్యోగి. అందుకే కాబోలు, మనుషుల్ని అంచనా వేయడంలో ఇద్దరికీ తమ మీద తమకు అంత నమ్మకం.

వాళ్లు కూర్చున్నది ఒక అద్దం వెనక. అటునుంచి అది మామూలు అద్దం. ఇటునుంచి చూస్తే పక్క గదంతా కనిపిస్తుంది, మాటలూ వినిపిస్తాయి. ఆ గదిలో రోగి వేషానికి ఏటా ఒక నాటకాల మనిషిని పిలిపిస్తారు. గుండెనొప్పితో భయపడిపోతున్నవాడిలా కూర్చోవడం అతని పని. అభ్యర్థులు ఒక్కొక్కరే వెళ్లి ఐదు నిమిషాలు మాట్లాడాలి. అతను నటుడని ముందే చెప్తారు. తాకకూడదు, వైద్యం చేయకూడదు. జాలి ఉందో లేదో చూస్తారు, అంతే. దానికి ఇరవై మార్కులు.

ఈసారి ఎవరో కొత్తాయన. తెల్లజుట్టు, కొత్త కోటు. అందరికంటే ముందే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

మొదట బ్రాడ్‌ఫర్డ్ వెళ్లాడు. బ్యాంకు ఉద్యోగం విసుగొచ్చి వైద్యం మీద పడ్డవాడు.

"నా పేరు పిలిచారా?" అన్నాడు కుర్చీలో మనిషి, ఎడమ భుజం రుద్దుకుంటూ.

"పిలుస్తారు లెండి. ముందు మీ మనసులో ఏముందో నాతో చెప్పుకోండి."

"మనసులో కాదు బాబూ, ఛాతీలో. బస్సు ఎక్కి నిలబడ్డట్టుంది."

"మీకెంత కష్టంగా ఉందో నేను అర్థం చేసుకోగలను."

బ్రాడ్‌ఫర్డ్ కళ్లు చెమ్మ చేసుకోవాలని చూశాడు. అవి మాట వినలేదు. అద్దంలో చూసుకుని జుట్టు సర్దుకుని బయటికొచ్చాడు.

"పద్దెనిమిది," అన్నాడు ప్రూయిట్.

తర్వాత సియెన్నా. యోగా నేర్పుతుంది. రోగి ఎదుట నేల మీద మఠం వేసుకుని, కళ్లు మూసుకుని, తనతో పాటు ఊపిరి పీల్చమంది.

"ఊపిరే ఆడట్లేదమ్మా."

"ఆడట్లేదని అనుకోకండి. ఆడుతోందనే అనుకోండి."

"ఆ చెమట చూశారా డాక్టర్ గారూ!" గ్రెటా ముచ్చటపడిపోయింది. "ఇంత చలిలో ఎలా తెప్పించుకుంటారో!"

"చెమట బాగానే ఉంది. ముఖమే అతిగా పెడుతున్నాడు. గుండెనొప్పి అలా ఉండదు," అన్నాడు ప్రూయిట్. సియెన్నాకి పంతొమ్మిది వేశాడు.

మూడో అభ్యర్థి డెలొరెస్ పెట్వే. బడి క్యాంటీనులో వంటమనిషి. సాయంత్రం క్లాసుల్లో పదకొండేళ్లు చదివి డిగ్రీ తెచ్చుకుంది. ఈ కోర్సుకి ఇది ఆమె మూడో ప్రయత్నం. మూడుసార్లు కాదనిపించుకుంటే మళ్లీ దరఖాస్తు చేసే వీల్లేదు. ఆ దిగులుతో వారం రోజులుగా ఆమెకు అన్నం సహించడం లేదు.

లోపలికి వెళ్లిన డెలొరెస్ పేరు చెప్పుకోలేదు. నేరుగా వెళ్లి ఆయన మణికట్టు పట్టుకుంది.

"తాకింది," అని రాసుకుంది గ్రెటా.

"పెద్దాయనా, ఇటు చూడండి. ఎంతసేపట్నుంచి?"

ఆయన నోరు తెరిచాడు. మాట రాలేదు. తల పక్కకి వాలిపోయింది.

డెలొరెస్ తలుపు తోసి నడవాలోకి అరిచింది. "911కి ఫోన్ చేయండి! ఎవరైనా! తొందరగా!"

"ఇదొకత్తి దొరికింది," అన్నాడు ప్రూయిట్. "డబ్బులిచ్చి ఒక నటుణ్ణి తెచ్చుకున్నాం. ఈవిడ ఉచితంగా వచ్చింది."

గ్రెటా నవ్వు ఆపుకుంటూ ముందు గదికి ఫోన్ చేసింది. "ఎవరికీ ఫోన్ చేయకండి, అదంతా పరీక్షలో భాగమే."

డెలొరెస్ ఆయన్ని నేల మీద పడుకోబెట్టింది. కొత్త కోటు గుండీలు ఊడగొట్టి, ఛాతీ మీద రెండు చేతులూ వేసి బలంగా నొక్కసాగింది. ప్రూయిట్ మైకు అందుకున్నాడు.

"మిస్ పెట్వే! ఆపండి! మీ పరీక్ష అయిపోయింది!"

ఆమె తలెత్తలేదు. పైకే అంకెలు లెక్కపెడుతూ నొక్కుతోంది.

"పక్కటెముక విరిగితే ఆ నాటకాలవాడు మనల్ని కోర్టుకీడుస్తాడు," అంటూ ప్రూయిట్ ఆమె కాగితం మీద అడ్డంగా 'అనర్హురాలు' అని రాశాడు. మార్కుల దగ్గర సున్నా చుట్టాడు. ఆమెను రెక్క పట్టుకుని బయటికి పంపాలని లేచి, విసురుగా తలుపు తీశాడు.

గుమ్మంలో ఒక ముసలాయన బూట్ల మంచు దులుపుకుంటూ, "క్షమించాలి సార్, మంచులో కారు కూరుకుపోయి ఆలస్యమైంది, గుండెనొప్పి రోగి వేషం నాదే, ఎక్కడ కూర్చోమంటారు?" అన్నాడు.