కొత్త బేస్ గిటారు

నంద్యాల అంగట్లో నాలుగు బేస్ గిటార్లు మార్చి మార్చి వాయిస్తాండాడు మద్దిలేటి. ఆళ్లగడ్డలో మిషన్‌తో రాళ్లు కోసి బొమ్మలు చెక్కుతాడు, పెండ్లిళ్లకు మా ఆర్కెస్ట్రాలో బేస్ వాయిస్తాడు.

నాకు కాలు నిలవడంలేదు. "బేగా తేల్చప్పా, బస్సు పోతాది!" అని వెనక నుంచి అరిచినా.

పలకలేదు. ఈ మధ్య వీనికి పొగరెక్కింది. ఎవరు పిలిచినా తిరిగి చూడడు.

ఎర్ర గిటారు ఎత్తుకుని, గడ్డం దాని చెక్కకు ఆనించి, కండ్లు మూసుకుని మీటినాడు. అంతలో కరెంటు పోయింది. స్పీకరు ఆగిపోయింది. వాని వేళ్లు మాత్రం ఆగలేదు.

కండ్లు తెరవకుండానే నవ్వినాడు. "ఇదేనన్నా! స్పీకరు పగిలిపోతాంది చూడు. ముందటివి ఇంత గట్టిగా పలికినాయా?"

అంగడాయన నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టినా. వాని ముందరకు పోయి, కండ్లు తెరిచేదాకా నిలబడి, పెదాలు కనపడేట్టు నిదానంగా చెప్పినా.

"అవునప్పా. ఇదే బాగుంది."