ఇంగ్లీష్ సార్ నంబర్

అవతల ఫోన్ మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తకపోతే బాగుండుననుకుంది ప్రవళిక.

అంతలో ఎవరో ఎత్తారు.

"హలో, ఎవరు?"

"సార్... ఇంగ్లీష్ సారేనా?"

వెనక లారీ హారన్ ఒకటి మోగింది.

"నీకేం కావాలె బిడ్డా?"

"నేను పదో తరగతి ప్రవళికను సార్. ఎనుక బెంచీల కూసునేదాన్ని. మీరు గుర్తుపట్టరు. బ్రింగ్‌కు పాస్ట్ టెన్స్ ఏంది సార్?"

"ఏందీ?"

"బ్రింగ్ సార్. తెచ్చుడు."

"బ్రింగ్... జర ఆగు. నేనే మల్ల చేస్త."

ప్రవళికది మునగాల దగ్గర చిన్న ఊరు. వాళ్ల బడిలో ఇంగ్లీష్ సార్ ఉన్నది, నిరుడు బడి తెరిచాక రెండు నెలలే. వెళ్లిపోయేటప్పుడు, డౌట్ ఉంటే ఫోన్ చేయండని తరగతి గోడ మీద నంబర్ రాసి వెళ్లాడు. ఆయన ఉన్నన్ని రోజులూ ప్రవళిక ఒక్క డౌట్ కూడా అడగలేదు. తల ఎత్తితే ఎక్కడ లేపి నిలబెడతాడోనని భయం.

మార్చిలో అన్నీ పాసై ఇంగ్లీష్ ఒక్కటే పోయింది.

జూన్ సప్లిమెంటరీలో పాసైతే సూర్యాపేట గురుకులంలో ఇంటర్. లేకుంటే మిర్యాలగూడలో చిన్నమ్మ పనిచేసే రైస్ మిల్లుకు. నాన్న అప్పుడే చిన్నమ్మతో మాట్లాడి పెట్టాడు.

చివర ఈ, డీ అక్షరాలు పెడితే అయిపోయే మాటలు ఆమెకు వచ్చు. ఏ లెక్కకూ లొంగని మాటల దగ్గరే పెన్ను ఆగిపోయేది. సార్ ఇచ్చిన జిరాక్స్ కాగితం వానకు తడిసి ముద్దయింది. ఇంట్లో ఉన్నది బటన్ ఫోన్.

పావుగంటకు ఆ ఫోన్ మోగింది.

"బ్రాట్."

"స్పెల్లింగ్ సార్?"

"స్పెల్లింగా?" అవతలి గొంతు కాస్త తడబడింది. "మల్ల చేస్త."

మళ్లీ చేసి, నిండు బిందె దించినట్టు ఒక్కో అక్షరం జాగ్రత్తగా చెప్పాడు.

ఆ రోజు నుంచి సాయంత్రం రెండు మాటలు, ఒక్కోసారి మూడు. టీచ్, క్యాచ్, రైట్, డ్రింక్.

"ఒక్క తాగుడుకు మూడు మాటలెందుకే?" గొర్రెలను దొడ్లోకి తోలుతూ తల్లి భద్రమ్మ నవ్వేది. "మీ నాయనకు ఒక్కటే మస్తయితది."

"నవ్వకే అమ్మా, సార్ ఫోన్ చేసే టైమైంది."

"ఆయనెవరో గని, నీకోసం మస్తు ఓపిక పడుతుండు."

తెల్లవారితే పరీక్ష. ఆ సాయంత్రం ప్రవళికకు నేర్చుకున్నవి కూడా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి.

"సార్, ఫ్లై, త్రో, స్విమ్, ఫర్‌గెట్. నాలుగింటికి రెండో మాట, మూడో మాట గావాలె. జల్ది సార్."

"నాలుగా?"

"రేపే పరీక్ష సార్."

"సరే బిడ్డా, సరే."

ఇరవై నిమిషాలకు మొదటిది చెప్పాడు. ఇంకో ఇరవై నిమిషాలకు రెండోది. మూడోది వచ్చేసరికి ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

"మీకు రెండు నిమిషాల పని సార్! చెప్పాలని లేకుంటే లేదనుండ్రి. నేనిట్ల ఫోన్ ముందల కూసోని ఏడ్వ."

పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎవరితోనూ అంత గట్టిగా మాట్లాడలేదు.

"తప్పైంది బిడ్డా. కోపం చేయకు. ఇగో, ఆ ఒక్కటి గూడ ఇప్పుడే..."

ఫోన్ కట్టయింది. నాలుగో మాట రాలేదు. ప్రవళిక కూడా పంతానికి మళ్లీ చేయలేదు.

ఇంగ్లీషులో నలభై ఒక్క మార్కులు వచ్చాయి. గురుకులంలో సీటూ వచ్చింది.

మొదట సార్‌కు చెప్పాలనుకుంది. చెప్పి, ఆ రోజు అన్న మాటకు క్షమించమని అడగాలనుకుంది.

ఫోన్ వేరే ఎవరో ఎత్తారు.

"ఏ సారమ్మా? ఇది దాబా. మునగాల దాటినంక, కోదాడ రోడ్డు మీద."

మర్నాడు తల్లిని వెంటబెట్టుకొని ఆటోలో వెళ్లింది. చేతిలో పాలకోవా పొట్లం. దాబా యజమాని గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు.

"ఈ నంబర్ మా ఇంగ్లీష్ సార్‌ది గదా?" అంది మెల్లగా.

"ఏమో బిడ్డా. ఈ సిమ్ము నేను మొన్న సంక్రాంతికి కొత్తగ తీసుకున్న, అంతకుముందు ఎవరిదో నాకెరుక లేదు. సాయంత్రం నేను పొయ్యి కాడుంటే మా పనోడు వీరేశం ఎత్తేటోడు."

"ఆయనతోనే మాట్లాడాలె. ఉన్నడా?"

"యాడ? పంపించేసిన. తిననీకి వచ్చినోళ్లను ఒకటే పరేషాన్ చేసుడు. కారు ఆగితే సాలు, కిటికీ కాడికి ఉరికి ఏదో ఇంగ్లీష్ మాట అడుగుడు. ఒక్కనాడే నాలుగు కార్ల ఎంట పడ్డడు. ఆఖరు కారాయన నా మీదికే లేసిండు. ఇగ ఆ సాయంత్రమే పొమ్మన్న."

ప్రవళిక తల్లి వైపు చూసింది.

"యాడికి పోయిండన్నా?" భద్రమ్మ అడిగింది.

"హుజూర్‌నగర్ దిక్కు బస్సెక్కిండు. అతనికి ఫోన్ గూడ లేదమ్మా."

బయట ఒక కారు వచ్చి ఆగింది. ప్రవళిక పొట్లాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"ఒక్కొక్క మాటకు అట్ల ఉరుకుడెందుకు?" ఎదురుగా వీరేశమే ఉన్నట్టు, కోపంగా, ఏడుస్తూ అడిగింది. "అన్నీ ఒక కాయితం మీద రాసుకొని, ఒక్కరినే అడిగితే అయిపోవు గదా?"

"రాసుకోనీకి అతనికి ఒక్క అక్షరం వస్తె గద బిడ్డా! గిన్నెలు కడుగుతున్న తడి చేతులతోనే, యాడ మర్సిపోతడో అని ఆ మాట నోట్లె అనుకుంట అనుకుంట ఉరికేటోడు."